కార్న్ ఫెర్రీ టూర్: ఒక సీజన్ మొత్తం చూశాక

అమెరికాలో గోల్ఫ్ చూడాలనుకునే తెలుగు కుటుంబం సాధారణంగా అగ్రశ్రేణి ఆటగాళ్లు ఆడే పీజీఏ టూర్ పోటీకే టికెట్టు కొంటుంది. మేమూ చాలా ఏళ్లు అదే చేశాం. మేముండేది ఓహాయో రాష్ట్రంలో కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో కనుక, ఏటా వేసవి మొదట్లో మ్యూర్‌ఫీల్డ్ విలేజ్‌లో జరిగే మెమోరియల్ టోర్నమెంటుకు వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. కొలంబస్‌లోనే, ఓహాయో స్టేట్ యూనివర్సిటీ గోల్ఫ్ క్లబ్‌లో, రెండో శ్రేణి అయిన కార్న్ ఫెర్రీ టూర్ పోటీ ఒకటి 2007 నుంచి జరుగుతోందని తెలిసినా ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. 2024లో మా అమ్మాయి జూనియర్ గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టింది. విజయవాడ నుంచి నాన్నగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మెమోరియల్‌కు నలుగురికీ టికెట్లు కొనాలంటే నిజంగానే ఆలోచించవలసి వచ్చింది. అలా కార్న్ ఫెర్రీ టూర్ మా ఇంట్లోకి వచ్చింది. ఆ సీజన్‌ను జనవరిలో బహామాస్‌లో మొదలైన రోజు నుంచి అక్టోబరులో ఇండియానాలో ముగిసేదాకా అనుసరించాం, నాలుగు పోటీలకు స్వయంగా వెళ్లాం. డబ్బు, సమయం పెట్టి చూసిన ప్రేక్షకురాలిగా, వెళ్లాలా వద్దా అని ఆలోచించేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట ఈ టూర్ ఏమిటో తెలియాలి. పీజీఏ టూర్ సంస్థే దీన్ని 1990లో ప్రారంభించింది. అప్పటి పేరు బెన్ హోగన్ టూర్. చాలా పోటీల్లో మొత్తం బహుమతి సొమ్ము లక్ష డాలర్లే ఉండేది. స్పాన్సరు మారినప్పుడల్లా పేరు కూడా మారుతూ నైకీ, బై డాట్ కామ్, నేషన్‌వైడ్, వెబ్ డాట్ కామ్ అయింది. 2019 నుంచి కార్న్ ఫెర్రీ అంటున్నారు. ఇన్ని పేర్లు మారినా, మొదటి ఏడాది క్యాలెండరులో ఉన్న విచిత, నాక్స్‌విల్, బోయిసీ, మిస్సోరీ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్ పోటీలు నేటికీ ఉన్నాయి. పెద్ద నగరాలను వదిలి, ఏడాదికి ఒక్క పెద్ద క్రీడా వేడుక వచ్చినా సంబరపడే ఊళ్లను ఎంచుకోవడం ఈ టూర్ స్వభావంలోనే ఉంది.

2024లో మొత్తం 26 పోటీలు జరిగాయి. మామూలు వారంలో 156 మంది బరిలోకి దిగుతారు. రెండు రోజుల ఆట ముగిశాక మొదటి 65 మంది, వారితో సమంగా ఉన్నవారు మాత్రమే శని, ఆదివారాలు ఆడతారు; దీన్నే ‘కట్’ దాటడం అంటారు. తక్కినవారికి బహుమతి సొమ్ములో ఒక్క డాలరు కూడా రాదు. గెలిచినవారికి 500 పాయింట్లు, చివరి నాలుగు ఫైనల్స్ పోటీల్లో అయితే 600. సీజన్ ముగిసేసరికి పాయింట్ల పట్టికలో మొదటి 30 మందిలో ఉన్నవారికి మరుసటి ఏడాది పీజీఏ టూర్‌లో ఆడే హక్కు, అంటే ఆటగాళ్లు ‘కార్డు’ అని పిలుచుకునేది, లభించింది. 31 నుంచి 75 దాకా ఉన్నవారికి ఇదే టూర్‌లో మరో ఏడాది చోటు ఖాయమైంది. ఆ తరువాతివారు పూర్తి చోటు కావాలంటే మళ్లీ క్వాలిఫయింగ్ స్కూలు, అంటే అర్హత పోటీల, మెట్లెక్కవలసిందే. ఈ రెండు అంకెలు, 30 (2025 నుంచి 20), 75, బాగా గుర్తుపెట్టుకుని వెళ్లండి. మైదానంలో మీరు చూసే ప్రతి ముఖానికీ వాటితో సంబంధం ఉంటుంది.

తెలుగువారికి ఈ టూర్‌తో దగ్గరి సంబంధమే ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన దంపతుల కుమారుడు సాహిత్ తీగల పీజీఏ టూర్‌లో అడుగుపెట్టింది ఈ దారిలోనే. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2020లో కాలేజీ గోల్ఫ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హాస్కిన్స్ అవార్డు అందుకున్న సాహిత్, 2021లో కార్న్ ఫెర్రీ టూర్ ఫైనల్స్ ద్వారా కార్డు సంపాదించుకున్నాడు. ఆ ఏడాది ఫైనల్స్ మూడే; అందులో రెండోది మా కొలంబస్‌లో జరిగింది. అంటే మాకు కూతవేటు దూరంలో ఒక తెలుగు కుర్రాడి జీవితం తేలుతుంటే మేము ఇంట్లో కూర్చున్నాం. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అందరిలాగే మేమూ టీవీ ముందు చప్పట్లు కొట్టాం కానీ, ఆ బాధ మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు. అంతకుముందు అర్జున్ అత్వాల్ 2008లో ఈ టూర్‌లోనే చాటనూగాలో గెలిచాడు. 2010లో విండమ్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. మరో భారతీయుడు అనిర్బాన్ లాహిరి కూడా 2015లో ఈ టూర్ ఫైనల్స్ నుంచే కార్డు తెచ్చుకున్నాడు.

సీజన్ తొలి సగం మాకు ఫోన్‌లోనే గడిచింది, ఈ భాగంలో సేవ అంతంత మాత్రమేనని చెప్పక తప్పదు. బహామాస్‌లో జరిగే మొదటి రెండు పోటీలూ ఆదివారం మొదలై బుధవారం ముగుస్తాయి, కనుక ఉద్యోగస్థులు నేరుగా చూసే వీలు తక్కువ. టీవీలో అన్ని పోటీలూ రావు. పీజీఏ టూర్‌లో లాగా ప్రతి షాట్ ఎక్కడ పడిందో, జెండాకు ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో చెప్పే పూర్తి వివరాలూ ఇక్కడ ఉండవు. చాలా వారాలు అంకెలు మారడం చూస్తూ ఆటను ఊహించుకోవలసిందే. అయినా ఆ అంకెలే కొన్నిసార్లు ఒళ్లు గగుర్పొడిచేలా చేశాయి. జనవరిలో గ్రేట్ అబాకో దీవిలో ఆల్డ్రిచ్ పాట్‌గీటర్ అనే దక్షిణాఫ్రికా కుర్రాడు 19 ఏళ్ల వయసులో గెలిచి, టూర్ చరిత్రలో అతి పిన్న విజేతగా అంతవరకు ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ డే పేరిట ఉన్న రికార్డును దాటాడు. ఫిబ్రవరి 8న బొగోటాలో చిలీ ఆటగాడు క్రిస్టోబల్ డెల్ సోలార్ మొదటి రౌండును, అంటే 18 హోల్స్‌ను, 57 షాట్లలో ముగించాడు. సముద్రమట్టానికి 8,500 అడుగుల ఎత్తున, పలచటి గాలిలో బంతి దూరం పోతుంది, కోర్సు కూడా పొట్టిదే. అయినా పీజీఏ టూర్ గుర్తింపు ఉన్న ఏ పోటీలోనూ అంతకు ముందెవరూ 57 కొట్టలేదు. ఆ రోజు మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, ‘అమ్మా, నిజంగానే 57 ఆ, లేక తొమ్మిది హోల్స్ తరువాత ఆపేశారా?’ అని. ఏప్రిల్‌లో టెక్సస్‌లో ఫ్రాంకీ క్యాపన్ 58 కొట్టినప్పుడు మాత్రం తను ఆశ్చర్యపోలేదు. ఈ టూర్‌లో అలాంటివి జరుగుతాయని అప్పటికే తనకు నమ్మకం కుదిరింది.

ఇక అసలు సంగతికి, అంటే మైదానానికి వస్తాను. ఫైనల్స్‌లో మూడోదైన నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ చాంపియన్‌షిప్ ఆ సెప్టెంబరులో 19 నుంచి 22 దాకా ఓహాయో స్టేట్ స్కార్లెట్ కోర్సులో జరిగింది. అలిస్టర్ మెకెంజీ గీసిన కోర్సు అది. అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్న గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ తరువాత దాన్ని తిరిగి తీర్చిదిద్దాడు. పొడవైనది, బంకర్లు (ఇసుక గుంటలు) లోతైనవి, ఇక్కడ తప్పుకు మన్నింపు తక్కువ. తరువాత పీజీఏ టూర్‌లో అగ్ర ఆటగాళ్లయిన జస్టిన్ థామస్ 2014లో, స్కాటీ షెఫ్లర్ 2019లో గెలిచింది ఇక్కడే. ఆ షెఫ్లరే 2024 జూన్‌లో ఈ నగరం పక్కనే మెమోరియల్ గెలిచి 40 లక్షల డాలర్లు అందుకున్నాడు. సెప్టెంబరులో స్కార్లెట్ విజేతకు దక్కేది 2 లక్షల 70 వేలు. ఊరొకటే, ఈ రెండు మొత్తాల మధ్య తేడా అంత.

గేటు దాటగానే మొదట కనిపించే మార్పు జనం. మెమోరియల్‌లో పేరున్న ఆటగాడు గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ఆడటం చూడాలంటే రెండు గంటల ముందు వెళ్లి గట్టు మీద చోటు పట్టుకోవాలి. మా అమ్మాయి లాంటి పన్నెండేళ్ల పిల్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఇక్కడ తాళ్లు చాలా తక్కువ. ఆటగాడు ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా కత్తిరించిన పచ్చిక దారిలో) రెండో షాట్ ఆడుతుంటే, పద్ధతి తెలిసి కదలకుండా నిలబడితే, పదిహేను అడుగుల దూరంలో ఉండవచ్చు. బంతి తగిలినప్పుడు ఇనుప క్లబ్బు చేసే శబ్దం టీవీలో వినిపించేది కాదు. కింద పచ్చిక తెగే చిన్న చప్పుడు కూడా అందులో కలిసి ఉంటుంది. క్యాడీ (క్లబ్బులు మోస్తూ సలహా ఇచ్చే సహాయకుడు), ఆటగాడు దూరం గురించి మాట్లాడుకునే ప్రతి మాటా వినవచ్చు. ‘నూట అరవై రెండు, గాలి ఎదురు, జెండా దాటితే కష్టం’ అని క్యాడీ చెబుతాడు; ఆటగాడు ఒక్క క్షణం ఆలోచించి వేరే క్లబ్బు తీస్తాడు; మనం ఆ నిర్ణయం జరుగుతుండగా పక్కనే ఉంటాం. గోల్ఫ్ నేర్చుకునే పిల్లలున్నవారికి దీన్ని మించిన పాఠం నాకు కనిపించలేదు. మా అమ్మాయి ఇంటికి వచ్చాక తన బ్యాగులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, తను ఆడే కోర్సులో ప్రతి గ్రీన్ వాలును పెన్సిలుతో గీయడం మొదలుపెట్టింది.

డ్రైవింగ్ రేంజ్ దగ్గర, పుట్టింగ్ గ్రీన్ దగ్గర కనీసం గంట గడపమని చెబుతాను. అక్కడ ఒక కుర్రాడు రెండు ఇనుప పుల్లలు నేలలో గుచ్చి, మధ్య దారం కట్టి, ఆ దారం కిందుగా ఆరడుగుల పుట్లు (బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్లు) వరుసగా వేస్తున్నాడు. మేము చూసినంతసేపూ నలభై దాకా వేసి ఉంటాడు; తప్పినవి రెండో మూడో. నాన్నగారు అతని చెప్పుల దగ్గర నుంచి టోపీ దాకా పరిశీలించి, టోపీ మీద ఏ కంపెనీ పేరూ లేదని గుర్తించారు. పార్కింగ్ మైదానం వైపు వెళుతుండగా అటువంటిదే మరొకటి చూశాం: వేరే రాష్ట్రం నంబరు ప్లేటున్న కారు, వెనక సీటు పొడవునా అడ్డంగా ఇనుప కడ్డీ, దానికి వరుసగా వేలాడుతున్న ఇస్త్రీ చొక్కాలు, కింద ఐస్ పెట్టె, పిల్లల కారు సీటు. ఆటగాళ్లలో చాలామంది వారం వారం ఊరు మారుతూ కార్లలో తిరుగుతారు, పోటీ జరిగే ఊళ్లో ఎవరో ఒక కుటుంబం తమ ఇంట్లో గది ఇస్తే అందులో ఉంటారు. ఇలా గది ఇచ్చే పద్ధతి ఈ టూర్‌కు దశాబ్దాలుగా ఊపిరి లాంటిది.

నాన్నగారు ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. ఆటలో బర్డీ (నిర్దేశించిన షాట్ల కన్నా ఒకటి తక్కువ), బోగీ (ఒకటి ఎక్కువ) తేడా ఆయనకు మొదటి రోజే అర్థమైంది కానీ, ఆయన మనసు లెక్కల మీదే ఉంది.

‘అమ్మాయ్, వీళ్లకు నెల జీతం ఎవరిస్తారు?’ అన్నారు.

‘ఎవరూ ఇవ్వరు నాన్నా. ఆడి సంపాదించుకోవడమే.’

‘రంజీ ఆటగాడు సున్నాకి అవుటైనా మ్యాచ్ ఫీజు ఇస్తారు కదమ్మా. ఇక్కడ శుక్రవారం వెనకబడితే అదీ లేదా?’

లేదని చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి, విమానం లేదా పెట్రోలు, బస, తిండి, క్యాడీకి వారం కూలి అని నాలుగు గీతలు వేసి, ఎంత పొదుపుగా బతికినా వారానికి మూడు, నాలుగు వేల డాలర్లకు తగ్గదని తేల్చారు. మొత్తం బహుమతి పది లక్షల డాలర్లుండే మామూలు వారంలో గెలిచినవాడికి లక్షా 80 వేలు వస్తుంది. కట్ దాటి చిట్టచివర నిలిచినవాడికి నాలుగు వేల చుట్టుపక్కల. అంటే నాలుగు రోజులూ బాగానే ఆడి అరవయ్యో స్థానంలో నిలిచిన మనిషికి మిగిలేది దాదాపు ఏమీ లేదు. ప్రపంచంలో గోల్ఫ్ ఆడే కోట్ల మందిలో మొదటి కొన్ని వందల మందిలో ఒకడైనవాడి ఆదాయం ఇది. ప్రేక్షకురాలిగా నాకు ఈ టూర్ మీద ఉన్న పెద్ద అభ్యంతరం ఇదే. కట్ దాటనివారికి కనీసం ఆ వారం బస ఖర్చయినా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. పై టూర్‌లో ఒక్క పోటీకి రెండు కోట్ల డాలర్లు పంచే సంస్థకు అది భారం కాదు.

శుక్రవారం సాయంత్రం మేము లీడర్ల వెంట వెళ్లలేదు. కట్ గీత దగ్గర ఊగిసలాడుతున్న ఒక ముగ్గురి జట్టును పట్టుకుని చివరి ఆరు హోల్స్ నడిచాం. ఈ టూర్ చూసే పద్ధతి ఇదేనని అప్పుడే తెలిసింది. ముందున్నవారు ఎలాగూ ముందే ఉంటారు. కట్ గీతకు ఒక షాట్ అటూ ఇటూ ఉన్నవాడికి ఆ సాయంత్రం మొత్తం సంవత్సరంతో సమానం. అప్పటికి పాయింట్ల పట్టికలో 75కు అటు ఇటుగా ఉన్నవారికి ఆ వారం గడిస్తే ఇండియానాలో చివరి పోటీ ఉంది, లేకపోతే ఏడాది అక్కడితో సరి. మేము నడిచినవారిలో ఒకతను చివరి గ్రీన్ మీదకు ఐదడుగుల పుట్‌తో వచ్చాడు. అది పడితే శనివారం ఆడతాడు. పక్కన స్కోరు బోర్డు మోస్తున్న హైస్కూలు పిల్లవాడు కూడా ఊపిరి బిగబట్టాడు. బంతి హోల్ అంచు మీద సగం తిరిగి బయట ఆగింది. ఆటగాడు దాన్ని లోపలికి నెట్టాడు, తోటివారితో చేతులు కలిపాడు, టోపీ తీశాడు. అప్పుడు వెనక్కి నడిచి వెళ్లి, అంతకు ముందు దూరం నుంచి తను కొట్టిన షాట్ గ్రీన్ మీద చేసిన చిన్న గుంటను వెతికి, జేబులోంచి రెండు పళ్ల పనిముట్టు తీసి, అంచులు లోపలికి నొక్కి, పుటర్ అడుగుతో చదును చేశాడు. మరుసటి రోజు ఆ గ్రీన్ మీద ఆడేది అతను కాదు. నాన్నగారు డైరీ మూసి జేబులో పెట్టుకుని, అతను క్లబ్‌హౌస్ మెట్లెక్కేదాకా నిలబడే ఉన్నారు.

సదుపాయాల గురించి చెప్పాలి. తినడానికి దొరికేది బర్గరు, హాట్ డాగ్, చిప్స్. శాకాహారులు ఇంట్లోంచి ఏదైనా తెచ్చుకునే వీలుందో లేదో ఆ పోటీ నిబంధనల్లో ముందే చూసుకోవడం మంచిది. నీళ్లు, నీడ విషయంలో లోటు లేదు. స్వచ్ఛంద సేవకులు ఊరివాళ్లే, ఎంతో ఆదరంగా మాట్లాడతారు; నాన్నగారికి కుర్చీ కావాలా అని మేము అడగకముందే ఒకాయన తెచ్చి వేశారు. మైదానంలో పెద్ద స్కోరు బోర్డులు మాత్రం చాలవు. ముఖ్యంగా పాయింట్ల పట్టికలో ఈ క్షణానికి కార్డు దక్కే చివరి స్థానంలో ఎవరున్నారో, డెబ్బై అయిదో స్థానంలో ఎవరున్నారో చూపే బోర్డు ప్రతి మూడు నాలుగు హోల్స్‌కూ ఒకటి ఉంటే ప్రేక్షకులు సగం మంది ఈ గీత దగ్గరికే వస్తారు. టూర్ దగ్గరున్న అన్నిటికన్నా గొప్ప కథ అదే, దాన్ని ఫోన్‌లో వెతుక్కోవలసి రావడం న్యాయం కాదు.

మేము వెళ్లిన పోటీల్లో ఒకచోట, ఆ ఊరి పేరు చెప్పను, చేదు అనుభవం ఎదురైంది. ఆట ముగిశాక పార్కింగ్ మైదానానికి తీసుకెళ్లవలసిన బస్సులు చెప్పిన సమయం కన్నా నలభై నిమిషాల ముందే ఆగిపోయాయి. ఎనభైకి దగ్గరపడిన మనిషిని వెంటబెట్టుకుని రోడ్డు పక్కన మైలున్నర నడవవలసి వచ్చింది. అడిగితే సమాధానం చెప్పేవారు లేరు. చిన్న ఊళ్లలో పోటీలకు పెద్దవారితో వెళ్లేవారు చివరి బస్సు ఎప్పుడో ఉదయమే ఇద్దరిని అడిగి నిర్ధారించుకోండి, వీలైతే ఆట ముగియడానికి అరగంట ముందే బయలుదేరండి.

అక్టోబరు మొదటి వారంలో చివరి పోటీకి ఫ్రెంచ్ లిక్ వెళ్లాం. కొలంబస్ నుంచి కారులో సుమారు నాలుగున్నర గంటలు. చివరి గంట అంతా కొండల మధ్య మెలికల దారి. బాస్కెట్‌బాల్ దిగ్గజం లారీ బర్డ్ పెరిగిన ఊరు అది. పీట్ డై గీసి 2009లో తెరిచిన కోర్సు కొండ శిఖరాల మీద పరుచుకుని ఉంటుంది; వెనక టీల (ఆట మొదలుపెట్టే చోట్ల) నుంచి కొలిస్తే 8,000 గజాలు దాటుతుంది. ప్రేక్షకులకు నడక కష్టమని స్పష్టంగా చెబుతున్నాను. మోకాళ్ల నొప్పులున్నవారు ఒకచోట కూర్చోవడమే మేలు. నాన్నగారు ఆదివారం అంతా చివరి గ్రీన్ పైన గట్టు మీదే ఉన్నారు, మేమిద్దరం తిరిగి వచ్చి ఆయనకు కబుర్లు చెప్పాం.

ఆ ఆదివారం గెలిచింది బ్రేడన్ థార్న్‌బెర్రీ. వారం మొదట్లో అతను 30 మందిలో లేడు. గెలిచాడు, లోపలికి వచ్చాడు. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చదువుతూ 2017లో జాతీయ కాలేజీ చాంపియన్ అయినవాడు, ఆ ఏడాది హాస్కిన్స్ అవార్డు కూడా అతనిదే. మూడేళ్ల తరువాత అదే అవార్డు అందుకున్న సాహిత్, ప్రొఫెషనల్ అయిన ఏడాదికే కార్డు తెచ్చుకున్నాడు. థార్న్‌బెర్రీకి దాదాపు ఆరేళ్లు పట్టింది. ఇద్దరి చేతిలో ఉన్న నైపుణ్యం మధ్య అంత దూరం ఉందని నేననుకోను. పట్టికలో మొదటి స్థానం మ్యాట్ మెకార్టీది. ఎడమచేతివాటం ఆటగాడు, జులైలో స్ప్రింగ్‌ఫీల్డ్, ఆగస్టులో ఒమాహా, బోయిసీ గెలిచాడు. ఒకే సీజన్‌లో మూడు గెలిస్తే పై టూర్‌కు తక్షణ అనుమతి ఇచ్చే నియమం ఉంది కనుక, ఫ్రెంచ్ లిక్ ముగిసిన మరుసటి వారమే యూటాలో పీజీఏ టూర్ పోటీ కూడా గెలిచేశాడు. పాట్‌గీటర్, డెల్ సోలార్, క్యాపన్ కూడా ఆ 30 మందిలో ఉన్నారు. పాట్‌గీటర్ 2025 జూన్‌లో డెట్రాయిట్‌లో రాకెట్ క్లాసిక్ గెలిచాడు. రెండో శ్రేణి అనే మాటకు అర్థం ఇక్కడ ఆట నాణ్యత తక్కువని కాదు. ఆ రోజు మేము పక్కన నడిచినవారు ఏడాది తిరగకుండానే ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లను ఓడించారు.

2025 నుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది: కార్డులు 30 నుంచి 20కి తగ్గించారు. పై టూర్‌లో స్థానాలు తగ్గించే నిర్ణయంలో భాగంగా ఇది జరిగింది. ప్రేక్షకుడి కోణంలో చూస్తే గీత మరింత పదునెక్కుతుంది, ఉత్కంఠ పెరుగుతుంది. అయినా నేను దీన్ని సమర్థించలేను. 26 వారాలు దేశాలు దాటి తిరిగి, నూట యాభై మందికి పైగా ఉన్న గుంపులో 25వ స్థానంలో నిలిచినవాడు పై మెట్టుకు తగనివాడని ఫ్రెంచ్ లిక్‌లో ఆ ఆటను దగ్గరగా చూసిన ఎవరూ అనలేరు. వెనక్కి వెళ్లినవారు మళ్లీ అదే ఖర్చు, అదే కారు, అదే ఇస్త్రీ చొక్కాల కడ్డీతో మరో ఏడాది మొదలుపెట్టాలి.

వెళ్లాలనుకునేవారికి నా సలహా ఇది. ఒక్క రోజే కుదిరితే శుక్రవారం మధ్యాహ్నం వెళ్లండి, ఆదివారం కాదు. టికెట్టు ధర ఊరిని బట్టి మారుతుంది. మేము కొన్న ప్రతి చోటా మెమోరియల్ టికెట్టులో చిన్న వంతు మాత్రమే అయింది, పిల్లలకు విడిగా కొనవలసిన అవసరమూ రాలేదు. ఆటగాళ్ల పేర్లు తెలియవని వెనకాడకండి. పాయింట్ల పట్టిక తెరిచి, కార్డు గీతకు పైన ముగ్గురిని, కింద ముగ్గురిని ఎంచుకుని వారి టీ సమయాలు, అంటే ఆట మొదలుపెట్టే వేళలు, రాసుకుంటే చాలు. కొలరాడోలో ఉన్నవారు బెర్తౌడ్ పోటీకి తప్పక వెళ్లాలి, 773 గజాల పార్ ఐదు హోల్‌ను, అంటే ఐదు షాట్లలో ముగించవలసినదాన్ని, ఆటగాళ్లు ఎలా ఆడతారో చూడటానికైనా. డాలస్, కాన్సస్ సిటీ, షికాగో, రాలీ, నాష్‌విల్ చుట్టుపక్కల మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ టూర్ క్యాలెండరు ఆ నగరాల పొరుగునే తిరుగుతుంటుంది. ఐదు మార్కులకు నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు టీవీ ప్రసారం, మైదానంలో సమాచారం, కట్ దాటనివారి ఖాళీ చేతులు, ఈ మూడింటికీ కలిపి.

నాన్నగారు ఆ నవంబరులో విజయవాడ వెళ్లిపోయారు. చిన్న డైరీలో ఆయన శుక్రవారం నాటి ఆ ఆటగాడి పేరు రాసి పెట్టుకున్నారు. ప్రతి సోమవారం ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం సంగతి కన్నా ముందు అతనిది ఈ వారం ఎంతో స్థానమని అడుగుతారు. ఈసారి ప్రయాణం వేసవిలో కాకుండా ఆగస్టులో పెట్టుకుంటానని, దసరా ఇక్కడే చేసుకుందామని చెప్పారు. టికెట్ల తేదీలు ఖాయం చేసేముందు కొలంబస్ పోటీ ఏ వారమో కనుక్కుని చెప్పమన్నారు.